అట్లకాడతో గీకిన తుప్పు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు ఒక పాత లారీ ఉండేది. దానికి ఏం జరిగినా మా అమ్మే మాట పడేది. టైరు పంక్చరైనా అమ్మే కారణం, బురదలో దిగబడినా అమ్మే కారణం. ఆమె మధురై వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే లారీ పోదనూరు దగ్గర గుంతలోకి ఒరిగిందట. అప్పటినుంచి లారీకి ఏ చిన్న జబ్బు చేసినా మా పెద్దమ్మ, అంటే మా నాయన అన్న భార్య, వంటింటి గడపలో నిలబడి గోడకు చెబుతున్నట్టు అనేది: "ఏ వేళలో కాలు పెట్టిందో!"

ఆ మాటలన్నీ నాకు ఈనాటికీ వరసగా గుర్తున్నాయి. ఎప్పటివో అవి, ఇంకా ఎందుకమ్మా అంటారు మా పిల్లలు. వాళ్ళకేం, పడింది వాళ్ళు కాదు. పెద్దమ్మ నాకు అన్నం వడ్డించేటప్పుడు గిన్నె అడుగున మాడినది వెతికి వేయడం గుర్తుంది. నా జడలో పూలు పెడుతూ, నల్లటి పిల్లకు మల్లెపూలు బాగా కనపడతాయిలే అనడం గుర్తుంది. మా అమ్మ మాట్లాడే మధురై తెలుగును చుట్టాల ముందు అనుకరించి అందరినీ నవ్వించడం మరీ గుర్తుంది. ఆ రోజు నవ్వినవాళ్ళ పేర్లు కూడా చెప్పగలను, కానీ వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

మేముండేది తుడియలూరులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చుట్టూ పంపులు చేసే వర్క్‌షాపులు. పొద్దున మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే వీధంతా షిఫ్టుకు కదిలేది. మా నాయన మాత్రం ఆ కూతకు లేచేవాడు కాదు, అప్పటికే తిరుప్పూరు రోడ్డు మీద ఉండేవాడు. అక్కడినుంచి పత్తి బేళ్ళు ఎక్కించుకుని మిల్లుకు చేర్చడం ఆయన పని. లారీ అన్నదమ్ములిద్దరిదీ. నాయన నడిపేవాడు. ఒకప్పుడు పంపుల వర్క్‌షాపులో పనిచేసిన పెద్దయ్య దాని రిపేర్లు చూసుకునేవాడు.

ఒక ఏడు వానలు మొదలయ్యాక మిల్లులో ఒక గొడవ వచ్చింది. లారీలో ముందు వరసన వేసిన బేళ్ళకు ఎర్రటి మరకలు పడుతున్నాయి. తుప్పు మరక పట్టిన పత్తి నూలుకు పనికిరాదు. మొదట ఒకటి రెండు బేళ్ళు వెనక్కి పంపారు, తరువాత వరసంతా. గోడౌన్ మేస్త్రి మరక పట్టిన పత్తి గుప్పెడు పీకి, ఇంటికి తీసుకుపోయి దిండు కుట్టించుకో అని మా నాయన చొక్కా జేబులో కుక్కాడట. నాయన ఆ పత్తి తీయకుండానే ఇంటికి వచ్చాడు. ఆ మేస్త్రిని నేను చూడనైనా లేదు. అయినా ఆయన్ని క్షమించలేదు.

ఆయుధపూజ సెలవులు ముగిశాక వచ్చే మొదటి లోడులో మరక కనపడితే ఈ లారీ మళ్ళీ మిల్లు గేటు దాటదని చెప్పేశారు. ఆ లోడు పోతే లారీని ఇనుముకు అమ్మేసి, నాయన మిల్లులో షిఫ్టుకు పోవాల్సిందే. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా అందరూ అమ్మ వైపు చూసేవాళ్ళు. లారీ పోతే అది అమ్మ పేరు మీదే పోతుందని నాకు అర్థమైంది. అమ్మకు ఇంకా బాగా అర్థమైంది. ఆ రోజుల్లో ఆమె కంచం ముందు కూర్చునేది గాని తినేది కాదు.

మరక టార్పాలిన్ చిరుగుల్లోంచి దిగే వాననీళ్ళతో పడుతోందని మొదట అనుకున్నారు. పాత గోనెలు వేసి అతుకులన్నీ కుట్టినా మరకలు ఆగలేదు. ఆయుధపూజ పొద్దున లారీని కడగడం మా ఇళ్ళలో ఆనవాయితీ. పెద్దయ్య క్యాబిన్ మీద నీళ్ళు పోస్తూ ఉంటే, వెనక బేళ్ళు వేసే ఇనుప నేల మీదికి ఎర్రటి నీళ్ళు పాకుతూ వచ్చాయి. అందరం అక్కడ మూగాం. క్యాబిన్ వెనక రేకు పైకి బాగానే ఉంది. పచ్చ పెయింటు నిగనిగలాడుతోంది. ఒక చోట మాత్రం చిన్న పొక్కు. పెద్దయ్య దాన్ని బొటనవేలితో నొక్కాడు. రేకు అప్పడంలా విరిగి వేలు లోపలికి పోయింది.

ఇంక చేయాల్సిందేమిటో పెద్దయ్యకు తెలుసు. లోపలి ప్లైవుడ్ చెక్క ఊడదీసి తుప్పంతా గీకాలి, పాడైన రేకు కోసేసి కొత్తది వేయాలి. కానీ సుత్తి, స్పానర్లు, రేకు కత్తెర అన్నీ అప్పటికే అరటాకు మీద చందనం బొట్లు పెట్టుకుని పూజలో ఉన్నాయి. మర్నాడు దశమి పూజ చేసి ఎత్తేదాకా వాటిని ముట్టకూడదు. వీధిలో ఏ వర్క్‌షాపుకు పోయినా అదే సంగతి.

"ఎల్లుండే లోడు. రేపు ఒక్క దినంలో అంతా అవతాదా అన్నా? తుప్పు గీకేదానికే ఒక పొద్దు పోతాది," అన్నాడు నాయన.

"దానికి? సామి ముందర పెట్టింది ఎత్తమంటావా?" అన్నాడు పెద్దయ్య.

అప్పుడు పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "మీ సుత్తీ స్పానరూ పూజలో కూర్చోనుండాయి, సరి. నా అట్లకాడ ఊరికే సుమ్మానే కదా ఉండాది?"

"అట్లకాడతో లారీ రిపేరా? వీధంతా నవ్వుతాది, పోవే!"

"నవ్వేవాళ్ళు వచ్చి మనకు లోడు తోలతారా?"

అలా ఆ రోజు మా ఇంటి లారీకి వంటింటి సామానుతో మరమ్మతు మొదలైంది. పాత కొబ్బరి కోరాము, విరిగిన ఇటుక ముక్క, కొబ్బరిపీచు, కిరసనాయిలు గుడ్డ. మగవాళ్ళు బయటివైపు పెయింటు గీకుతున్నారు. క్యాబిన్ లోపల ఇరుకు చోటు కాబట్టి పెద్దమ్మ అట్లకాడ పట్టుకుని తాను ఎక్కింది. సన్నటి చేయి కావాలని నన్నూ ఎక్కించింది. సీటు నాయన ముందే ఎత్తి కింద పెట్టాడు.

వెనక చెక్క ఊడదీస్తారని విన్నప్పుడు అమ్మ పూజకు సుండల్‌కు, అంటే సెనగ గుగ్గిళ్ళకు, తాలింపు వేస్తోంది. గరిటె చేత్తోనే పరుగున వచ్చింది. "అక్కా, మీరు దిగండి, నేను గీకుతాను," అంది.

"నువ్వు పొయ్యి చూసుకో పో. ఇంతదాకా దీని మీద నీ చెయ్యి పడిందే చాలు," అంది పెద్దమ్మ. అమ్మ ముఖం పాలిపోయింది. ఎప్పటి మాటలే కదా, ఈ రోజు ఇంతగా ఎందుకు బెదిరిందా అనుకున్నాను.

పెద్దమ్మ చెక్క సందులో అట్లకాడ దూర్చి ఒక్క పెట్టున విరిచింది. మరలు తుప్పు పట్టి ఉన్నాయి కాబట్టి చెక్క తేలిగ్గానే ఊడింది. రేకుకూ చెక్కకూ మధ్య జానెడు ఖాళీ. రేకు లోపలివైపంతా పొరలు పొరలుగా లేచి ఉంది. నా చేతిని అడుగుదాకా పెట్టించి, ఏముందో తియ్యమంది. చేతికి తడిగా, మెత్తగా ఏదో తగిలింది. లాగితే చిన్న గుడ్డ మూట. దాని వెనక ఇంకొకటి. తీసేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

అన్నీ ఒకే గుడ్డ. మధురై నుంచి అమ్మ కట్టుకొచ్చిన సుంగుడి చీర ముక్కలు. ఆ ఊదారంగు మీది తెల్లచుక్కలు ఇంట్లో ఎవరైనా గుర్తుపడతారు. పెద్దమ్మ ఒక మూట విప్పింది. కల్లుప్పు, ఎండుమిరపకాయలు. ఉప్పు నీరు పట్టి ముద్దయింది. ఆ మూటలున్న చోటే రేకు జల్లెడైపోయి, అవతల ఎండ కనపడుతోంది.

అమ్మ ప్రతి అమావాస్యకూ లారీకి దిష్టి తీయడం నాకు తెలుసు. దిష్టి తీసిన ఉప్పును ఎవరైనా పొయ్యిలో వేస్తారు, లేదా నీళ్ళలో కలుపుతారు. లారీకి మళ్ళీ ఏదైనా అయితే తననే అంటారన్న భయంతో, కాపలాగా ఉంటుందని, అమ్మ ఆ ఉప్పును మూట కట్టి సీటు వెనక సందులోంచి లోపలికి జారవిడిచేది. అలా ఎన్ని అమావాస్యలో. లారీ తన వల్ల చెడిపోకూడదని చేసిన పనే లారీని తినేసింది. పెద్దమ్మ ఇన్నేళ్ళుగా ఊరికే అంటున్న మాట నిజమైపోయి, తడి గుడ్డలో ఆమె అరచేతిలో ఉంది.

ఆమె నన్ను చూసింది. బయటినుంచి పెద్దయ్య రేకు మీద తట్టాడు.

"ఏమే, లోపల ఏముండాది?"

ఇక అయిపోయిందనుకున్నాను. పెద్దమ్మ చేతిలోని మూటను మళ్ళీ ముడి వేసింది. ఆ కాస్తసేపూ ఆమె ముఖంలో దయ ఏమీ కనపడలేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. విసుగే కనపడింది.

"ఎలకలు!" అని అరిచింది. "ఎలకలు గూడు పెట్టినాయి. పత్తంతా లాక్కొచ్చి ఈడనే కాపురం చేసినాయి. ఉచ్చ పోసీ పోసీ రేకంతా తినేసినాయి!"

"ఎలకలా! ఇన్నాళ్ళూ నా వీపు వెనకాలేనా!" అన్నాడు నాయన. మరకల గొడవ మొదలయ్యాక ఆయన నవ్వింది అదే మొదలు.

పెద్దమ్మ మూటలన్నీ కొంగులో వేసి ముడి వేసుకుంది. అట్లకాడ నా ముఖం ముందు ఆడించి, "నోరు తెరిచినావో, ఇదే కాల్చి పెడతా," అంది. దిగి నేరుగా పెరట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. అమ్మ బట్టలుతికే రాయి దగ్గర నిలబడి ఉంది, అంతా తెలిసిపోయిందని ఆమెకు తెలుసు. పెద్దమ్మ మూటలు విప్పి ఉప్పంతా కాలువలో పోసి, పైన బిందెడు నీళ్ళు కుమ్మరించింది. గుడ్డలు పిండి అమ్మ చేతిలో పెట్టింది.

"ఇంక మీద నిమ్మకాయ కట్టు అమ్మణ్ణీ, ఉప్పు వద్దు," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "సుండల్‌కైనా ఉప్పు మిగిల్చినావా, లేదా?" అంది. మా అమ్మ నవ్వలేదు, ఏడవలేదు. తల మాత్రం ఊపింది.

మర్నాడు పూజ ఎత్తగానే పెద్దయ్య కత్తెర పట్టాడు. తుప్పు కనపడినంత మేర కాదు, కత్తెరకు గట్టి ఇనుము తగిలేదాకా కోసుకుంటూ పోయాడు. పాత ఆయిల్ డ్రమ్ము చదును చేసి అతుకు వేసి రివెట్లు కొట్టాడు, అంచులకు తారు పూసి, లోపలా బయటా ఎర్ర ప్రైమరు కొట్టాడు. నీళ్ళు నిలవకుండా అడుగున బెజ్జాలు పెట్టాడు. మళ్ళీ నీళ్ళు పోసి చూస్తే చుక్క కూడా లోపలికి రాలేదు. మొదటి లోడు మిల్లులో దిగింది. ముందు వరస బేళ్ళు తెల్లగా ఉన్నాయి. గోడౌన్ మేస్త్రి ఒక్క మంచి మాట కూడా అనలేదట, ఊరికే చేయి ఊపి లోపలికి పొమ్మన్నాడట. అదీ నేను మరిచిపోలేదు.

ఆ తరువాత పెద్దమ్మ మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మాడిన అన్నం నాకు పడుతూనే ఉంది. అమ్మ తెలుగుకు నవ్వులు ఆగలేదు. కానీ లారీ పేరెత్తి అమ్మను అనడం మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది. ఎప్పుడు అంటుందా అని నేను ఏళ్ళ తరబడి కాచుకున్నాను. అమ్మ నాకంటే ఎక్కువ కాచుకుంది, ఆ కాచుకోవడంలోనే అలిసిపోయింది. తరువాత ఇల్లు రెండుగా పంచుకుని మధ్యన గోడ కట్టుకున్నప్పుడు ఆడవాళ్ళిద్దరూ వీధి వినేటట్టు అరుచుకున్నారు. ఆ రోజు పెద్దమ్మ నోటికి రాని మాట లేదు. ఉప్పు మూటల మాట ఒక్కటి రాలేదు.

నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకసారి ఆమెనే అడిగాను, ఎందుకు చెప్పలేదని. ఆమెకు అప్పటికి చూపు తగ్గింది. నా వైపు కాకుండా ఎటో చూస్తూ చెప్పింది. "నేననే మాటలు పొద్దున అంటే రాత్రికి పోతాయి అమ్మణ్ణీ. ఆ మాట పోదు. మీ నాయన లారీ ఎక్కినప్పుడంతా అది కూడా ఎక్కుతాది."

ఆమె మాటలు రాత్రికి పోతాయని ఆమె అనుకుంది. నాకు పోలేదు. ఆ సంగతి ఆమెకు చెబుదామనుకున్నాను, కానీ ఆమె అప్పటికే కళ్ళు మూసుకుని కునుకు తీస్తోంది.

మొన్న వేసవిలో మా కోడలు బోరు మోటారు ఆపడం మరిచిపోయి పుట్టింటివాళ్ళతో ఫోనులో పడింది. మోటారు కాలిపోయింది. ఆమె నన్ను తక్కువ మాటలేం అనలేదు, అన్నీ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. సాయంత్రం మా అబ్బాయి వచ్చి, ఎట్లా కాలిందని కోపంగా అడిగాడు. కోడలు గోడకు ఆనుకుని నిలబడింది. నాకు ఆ రోజు చాలా అలసటగా ఉంది. కరెంటు హెచ్చుతగ్గులైందిరా, ఈ వీధిలో ఎప్పుడూ ఇంతే అన్నాను. కోడలు నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు.

అది మంచితనమని నేను చెప్పుకోను. ఆమె అన్న మాటలు మరిచిపోయే ఉద్దేశం నాకు లేదు. కానీ ఒక మనిషి ఇంట్లో మళ్ళీ తలెత్తుకోలేని మాట నా చేతికి దొరికితే, దాన్ని బయటపెట్టకుండా ఉండటం నాకు తెలుసు. అది నాకు నేర్పినది, బతికినన్నాళ్ళూ నాకు నచ్చని ఆ మనిషే.