పొయ్యి దగ్గర బావ

ఏ ఊరెళ్లినా, ఏ హోటలుకెళ్లినా, కుర్చీలో కూర్చోకముందే వంటగదిలో దూరడం శ్రీరామ్మూర్తికి అలవాటు. టూరుకెళ్లినవాళ్లు గుళ్లూ గోపురాలూ చూసి వస్తారు. ఆయన పొయ్యిలు చూసి వచ్చేవాడు.

ఈ అలవాటు వల్ల అందరికంటే ఎక్కువ మాడింది ఆయన చెల్లెలి మొగుడు త్రినాథరావు. స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్. ఎల్టీసీ దొరికినప్పుడల్లా భార్య మంగాయమ్మనూ, పోర్టులో క్రేను నడిపే ఈ బావనూ వెంటబెట్టుకుని దేశం మీద పడేవాడు. త్రినాథరావుకు చేప ముక్క లేనిదే ముద్ద దిగదు. అన్నాచెల్లెళ్లు మాత్రం గురువుగారి దగ్గర మంత్రం తీసుకుని ఎప్పుడో నీచు మానేశారు. అది చాలదన్నట్టు తొంభై ఆరులో, తనకు షుగరొచ్చిందని బావ ప్రకటించాడు. అప్పట్నుంచి ప్రతి హోటల్లోనూ విచారణే.

పూరీలో వంటవాడి చేతిలోంచి గరిటె లాక్కుని వాసన చూశాడు.

"ఏటి బాబూ, దీంతోనే సేపల పులుసు కలిపేవా?"

వంటవాడికి తెలుగు రాదు. శ్రీరామ్మూర్తి రెండు చేతులూ జోడించి, నడుము తిప్పుతూ చేప ఈదినట్టు చూపించాడు. వంటవాడు సంబరంగా తలూపి, పళ్లెం నిండా వేయించిన చేపలు తెచ్చి ముందు పెట్టాడు. అవి త్రినాథరావు తిన్నాడు. అన్ని టూర్లలోనూ ఆయనకు కడుపు నిండిన పూట అదొక్కటే.

బెంగుళూరులో సాంబారు తియ్యగా తగిలింది.

"నాను సుగరోణ్ణి. బెల్లం ఎయ్యకుండా ఇంకోటి కాయి నాయనా" అని శ్రీరామ్మూర్తి పొయ్యి పక్కనే పీట వేసుక్కూర్చున్నాడు. ఆ సాంబారు దిగేసరికి లాల్‌బాగ్ గేట్లు మూసేశారు.

పోనీ, అంత తంటాలు పడి చేయించుకున్నది తింటాడా అంటే అదీ లేదు. రెండు ముద్దలు తిని, మిగతాదంతా చెల్లెలి విస్తట్లో దొర్లించేవాడు. "నాను తినలేనే, పారేస్తే పాపం, నువ్వు తినీ." మంగాయమ్మ తల వంచుకుని తినేది. త్రినాథరావు చుట్టుపక్కల బల్లలవాళ్లకు కూడా వినబడేలా నవ్వేవాడు.

"సుగరోడితో టూరంటే ఇదే! ఇంటికాడ అంబలి తాగి కూకోక, దేశాలెందుకు బావా నీకు?"

ఈ మాట ఆయన ఏడేళ్లు అన్నాడు. రైల్లో అన్నాడు, పెళ్లిళ్లలో అన్నాడు. జనం నవ్వారు. అందుకే మళ్లీ అన్నాడు.

రెండువేల మూడులో ద్వారక వెళ్దామనుకున్నారు. సంచి సర్దుకుని రాబోతున్న శ్రీరామ్మూర్తికి త్రినాథరావు అడ్డు తగిలాడు.

"ఈసారి నువ్వొద్దు బావా. అక్కడ ఊరు ఊరంతా శాకాహారమే. గరిటెలు వాసన సూసే పని లేదు. ఒక్కసారైనా వేడన్నం తిన్నీ నన్ను."

శ్రీరామ్మూర్తి చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. "సరే బావా, దాన్ని జాగర్తగా సూసుకో" అని ఆయన వెళ్లిపోయాడు.

ద్వారకలో నీచు వాసన లేని మాట నిజమే. కానీ పప్పులో బెల్లం, కూరలో పంచదార, పెరుగు పులుసులోనూ తీపే. చేప లేకపోయినా త్రినాథరావు లొట్టలేసుకుంటూ తిన్నాడు. మంగాయమ్మ రొట్టె ముక్క తుంచి, ఆకలి లేదని చెయ్యి కడిగేసుకుంది. మధ్యాహ్నం గుడి మెట్ల మీద చెమటలు కక్కుతూ పడిపోయింది.

డాక్టరు ముందుగా ఆమెకు గ్లూకోజు ఎక్కించాడు. మాత్ర వేసుకుని తిండి మానేసిందని తేల్చి, షుగరు ఎన్నాళ్ల నుంచని అడిగాడు. మంగాయమ్మ మొగుడి వైపు చూడకుండా ఏడు వేళ్లు చూపించింది.

త్రినాథరావు లెక్క వేసుకోవాల్సిన పని లేకపోయింది. ఏడేళ్లుగా పొయ్యిల దగ్గర పీటలేసుకుని బావ ఎవరి కోసం కూర్చున్నాడో అర్థమైంది.

"ఎందుకు సెప్పలేదే నాకు?"

"సెబితే నవ్వుతారని."

డాక్టరు పనిలో పనిగా ఆయన వేలు కూడా పొడిచి చూశాడు.

విశాఖ తిరిగొచ్చిన మర్నాడే త్రినాథరావు కంచరపాలెంలో బావ ఇంటికి వెళ్లాడు. శ్రీరామ్మూర్తి అరుగు మీద కూర్చుని, పొట్లం విప్పుకుని జిలేబీ తింటున్నాడు. బావను చూసి దాచబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు.

"తెలిసిపోయిందేటి?"

"నీకు సుగరు లేదా బావా?"

"లేదు. నీ ముందు ఏడేళ్లు ఒక్క మిఠాయి ముట్టలేదు. ఎంత నరకమో తెల్సా! సెప్పొద్దని అది ఒట్టేయించుకుంది మరి. ఒకళ్లు నవ్వులపాలైతే సాల్లే, ఇద్దరెందుకని నాను సుగరోణ్ణయ్యేను." పొట్లం ముందుకు జరిపాడు. "తిను. వేడిగా ఉంది."

త్రినాథరావు చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది. ఉన్నది ఉన్నట్టు చెబుదామనుకున్నాడు. సిగ్గేసింది. ఆ ఒక్క మాట చెప్పడం ఇంత కష్టమని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

"పన్ను నొప్పి బావా" అన్నాడు.

శ్రీరామ్మూర్తి పొట్లం తన వైపు లాక్కున్నాడు. "ఎంతుందేటి?"

"రెండొందల నలభై."

"దానికి సెప్పేవా?"

"లేదు."

"ఎల్లి సెప్పు. అది నవ్వదులే."

త్రినాథరావు ఇంటికెళ్లి చెప్పాడు. మంగాయమ్మ నవ్వింది. ఒక చేత్తో నోరు మూసుకుని, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, రెండో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది.