నంబరు పడని సమాధి

నాకంటే ముందు మా ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. పదకొండు నెలలు బతికి, జ్వరమొచ్చి పోయింది. నేను చూడని ఆ అక్కను ఊరి బయట మా క్రైస్తవుల బొందలగడ్డలో పెట్టారు.

మా ఊరు కరీంనగర్‌కు దగ్గరే. తాతల కాలం నుంచి మిషన్ సంఘంలో ఉన్న ఇళ్ళు ముప్ఫై దాకా ఉంటాయి. కొందరు కూలికి పోతారు, కొందరు కౌలుకు చేస్తారు, నాలాగా కొందరు నర్సులయ్యారు. నాన్నను మేం బాపు అంటాం. ఆయన గ్రానైట్ కోసే యార్డులో పనిచేశాడు. అక్కడ పారేసే ముక్కలు అడిగి తెచ్చుకుని, నున్నగా అరగదీసి, ఊళ్ళో మావాళ్ళెవరు పోయినా సమాధికి సిలువ చేసి ఇచ్చేవాడు. అక్క పోయిన నాటికి ఆయనకు ఆ పని లేదు. తర్వాత చేస్తానంటే మమ్మల్ని కన్న అవ్వ ఒప్పుకోలేదట.

"గంత పసిదాని మీద బండ పెడ్తవా? వద్దు, బరువైతది," అన్నదట.

అందుకని అక్క సమాధి మీద నాలుగు గులకరాళ్ళే ఉండేవి. ఏటా ఈస్టర్ ముందు సమాధులు శుభ్రం చేసేటప్పుడు అవ్వ అక్కడ చాలాసేపు కూర్చుని ఒక్కొక్క గడ్డిపోచా పీకేది.

బైపాస్ మొదటి భాగం వేసినప్పుడు లారీలు మా బొందలగడ్డ అంచున ఎర్రమట్టి పోశాయి. అడిగితే తీసేస్తామన్నారు. సగమే తీశారు. గులకరాళ్ళు కనబడకుండా పోయాయి. ఆ తర్వాత రెండేళ్ళకు అవ్వ పోయింది. బిడ్డ పక్కనే పెట్టమని ముందే చెప్పింది. గుంట తీసేటప్పుడు బాపు మూలనున్న వేపచెట్టు దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, "పిల్ల గీ ఎడమ దిక్కు ఉంటది. గిటు తవ్వకుండ్రి," అన్నాడు.

అప్పట్లో బైపాస్ మా ఊరి దారి దగ్గరే ఆగిపోయేది. చివర్లో టోల్ గేటు, దాని అవతల పత్తి చేన్లు. చూస్తుండగానే పట్నం పెరిగి ఆ గేటు దాకా వచ్చేసింది. చేన్లు ప్లాట్లయ్యాయి, ఫంక్షన్ హాళ్ళు లేచాయి. ఇక రోడ్డును పట్నం చుట్టూ ఇంకా ముందుకు తిప్పుతారని, టోల్ గేటును వెడల్పు చేస్తారని చెప్పుకున్నారు. ఆ మాట విని నాకు సంతోషమే కలిగింది. నేను పనిచేసే ఆసుపత్రి పట్నానికి అటు చివర. ప్రతి చౌరస్తాలో బస్సు ఆగి ఆగి పోయేసరికి ప్రాణం విసిగేది. కొత్త రోడ్డు పడితే నా తిప్పలు సగం తగ్గుతాయనుకున్నాను.

తర్వాత సర్వేవాళ్ళు వచ్చి హద్దురాళ్ళు పాతారు. రెండు రాళ్ళు బొందలగడ్డ లోపలే పడ్డాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య అందరినీ కూర్చోబెట్టి నోటీసు చదివాడు. గుట్ట కింద వేరే జాగా ఇస్తారు. సమాధులను మర్యాదగా అక్కడికి మారుస్తారు. ఇంటికొకరు సంతకం చేయాలి. బాపు లేచి నిలబడ్డాడు.

"మారుస్తరు సరే అయ్యగారూ. మా చిన్నదాని జాగ ఎవరు చూపెట్టాలె? నాకే సక్కగ తెల్వకపాయె."

అప్పుడు నేనే నోరు తెరిచాను. అది ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

"బాపూ, గంత చిన్నపిల్ల బొక్కలు గిన్నేండ్లు ఉండయే. మట్టిల కలిసిపోతయ్. అవ్వను తీస్కపోదాం, సాలు."

నర్సును కాబట్టి నా మాటకు అందరూ తలూపారు. బాపు నా దిక్కు చూసి కూర్చున్నాడు. సంతకం చేశాడు.

వారం తర్వాత ఆఫీసు నుంచి ఒక యువకుడు వచ్చి ప్రతి సమాధి మీదా తెల్లరంగుతో నంబరు వేశాడు. అవ్వది ముప్ఫై ఒకటి. బాపు ఆయన వెంటే నడిచాడు.

"సారూ, గీ ఎడమ దిక్కు ఇంకోటి ఉన్నది. దానికి సుత వెయ్యి."

"ఏది తాతా? గీడ ఏం లేదు గద."

"లోపల ఉన్నది. నా బిడ్డ."

ఆ యువకుడు మంచివాడే. నోట్‌బుక్ మూశాడు. "గుర్తు గని నిషాన్ గని లేనిదానికి నంబరు ఎట్ల వేస్త తాతా? పైన అడుగుతరు నన్ను," అన్నాడు.

"నేనున్న గద నిషాన్," అన్నాడు బాపు.

నంబరు పడలేదు. తవ్వే రోజు మాత్రం తన పూచీ మీద, జేసీబీ రాకముందే మాకు వెతుక్కునే వీలు ఇస్తానన్నాడు.

ఆ రోజు పొద్దున్నే వెళ్ళాం. అవ్వను ముందు తీశారు. పాస్టరయ్య ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు మూసుకోలేదు. ఆసుపత్రిలో ఎన్నో చూసినదాన్ని, తట్టుకుంటాననుకున్నాను. అవ్వ చీర అంచు రంగు ఇంకా తెలుస్తుండటం చూసి ముఖం తిప్పుకున్నాను. ఆమెను కొత్త పెట్టెలో సర్ది, తెల్లబట్ట కప్పారు.

బాపు అప్పటికే ఎడమ వైపు గడ్డపారతో తవ్వుతున్నాడు. పైన లారీల ఎర్రమట్టి, దాని కింద అసలు నేల. వేపచెట్టును ముందురోజే కొట్టేశారు. ఆనవాలు ఏదీ లేదు. ఒకచోట తవ్వి, ఆగి, రెండు అడుగులు జరిగి మళ్ళీ తవ్వాడు. డెబ్బై దాటిన మనిషి. నేను గడ్డపార తీసుకోబోతే ఇవ్వలేదు. చేతులతో మట్టి తోడాను. గోళ్ళు చీలాయి. రాళ్ళు, వేళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఎండ ఎక్కింది. జేసీబీ వచ్చి రోడ్డు మీద ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

మూడో గుంతలో ఒకచోట మట్టి కొంచెం నల్లగా, మెత్తగా ఉంది. బాపు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పిడికిట్లోకి తీసుకున్నాడు.

"గిదేనా బిడ్డా? నువ్వు సదువుకున్నదానివి. సూసి చెప్పు."

కుళ్ళిన వేరు ఉన్నచోట కూడా మట్టి అట్లాగే ఉంటుంది. నాకు తెలుసు.

"గిదే బాపూ," అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాలు పరిచి, ఆ మట్టిని దోసిళ్ళతో అందులో పోశాడు. కొత్త జాగాలో అవ్వ పెట్టె పక్కన చిన్న గుంట తీసి ఆ మూటను పెట్టాం. బండ పెట్టలేదు. మధ్యాహ్నానికి పాత జాగా చదునైపోయింది.

రోడ్డు పూర్తయ్యింది. ఆసుపత్రికి ఇప్పుడు నిజంగానే తొందరగా పోతున్నాను. మొన్న ఎండాకాలంలో బాపును కంటి పరీక్షకు తీసుకెళ్ళాను. ఒకప్పుడు మా బొందలగడ్డ ఉన్నచోట, బస్సు టోల్ గేటు వరుసలో ఆగినప్పుడు ఆయన కిటికీకి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. నేను ఫోన్ చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

"నువ్వు గా రోజు గిదే అన్నవ్ గని, అది కాదు బిడ్డా," అన్నాడు మెల్లగా. "నాకు అప్పుడే తెలుసు."

"మరి ఎందుకు తీస్కున్నవ్ బాపూ?"

"నువ్వు ఏడుస్తున్నవ్ గద. ఎంతసేపని తవ్వుత?"

నేను ఏడ్చిన సంగతి నాకు గుర్తు లేదు. చర్చిలో అందరి ముందు అన్న మాటకు అప్పుడైనా క్షమించమని అడగాలనుకున్నాను. బస్సు కదిలింది. వెనక సీటులో ఎవరో రోడ్డు ఎంత బాగా వేశారో అని మెచ్చుకుంటున్నారు. బాపు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, ఆసుపత్రిలో ఎంతసేపు పడుతుందని అడిగాడు. గంట పడుతుందన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పట్నం లోపలి నుంచి పోయే బస్సు ఎక్కుదామన్నాడు. ఎక్కాం. అప్పటి నుంచి ఆయన ఎటు వెళ్ళినా ఆ బస్సులోనే పోతాడు. నేను రోజూ బైపాస్ మీదే వెళ్తున్నాను. క్షమాపణ ఇంకా అడగలేదు.