గట్టు దాటని పున్నమ్మ

“ఒక్క ట్యాంకరైనా గేటు దాటిందా రాఘవయ్యగారూ? నా బండి నంబరేసి ముప్పై ట్రిప్పులు తోలినట్టు రాసింది మీరు. ఇప్పుడు పొల్యూషన్ బోర్డు ఆఫీసాయన ఊళ్లో దిగి, పాత కాగితాలన్నీ తిరగేసి, ఆ బురదంతా ఎక్కడ ఒంపావని నన్ను నిలదీస్తున్నాడు!”

“మెల్లగా జయకర్, మెల్లగా. ఇల్లిది, సంత కాదు.”

“ఎందుకండీ మెల్లగా? గుంటలో బురద ఉన్నదున్నట్టే పూడ్చి, పైన ఎర్రమట్టి పరిచేసింది మీరు. నెత్తిన పడేది నాకా?”

పున్నమ్మ వసారా మెట్టు మీద ఒక కాలు వేసి, రెండోది వేయకుండా ఆగిపోయింది. గునపం అడిగి పట్టుకెళదామని మరిది ఇంటికి వచ్చింది. తొలకరి పడేలోపు గోతులు తీయించి, మూడోసారి మామిడి అంట్లు పెట్టాలి. లోపల వాళ్లు మాట్లాడుకుంటున్న గుంట ఎక్కడిదో ఆమెకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ గుంట తవ్విన రెండెకరాలూ ఆమెవే.

రెడ్డిగూడెం నుంచి చాట్రాయి వైపు పోయే దారిలో ఉన్న ఆ ఎనిమిదెకరాల తోట పున్నమ్మ చేతుల్లో పెరిగింది. మొక్కలు మోకాలెత్తున ఉండగానే భర్త పోయాడు. లేత చెట్లు తొలిసారి పూస్తే, ఇప్పుడే కాస్తే బలం చాలదని ఆ పూతంతా తన చేత్తోనే తుంచేసింది. ఆ ఏడు ఇంట్లో రూపాయి లేదు. చూసినవాళ్లు పిచ్చిదన్నారు. అన్నవాళ్లే తర్వాత ఆమె చేత తమ తోటల్లో మొదటి మొక్క పెట్టించుకున్నారు, చెయ్యి మంచిదని.

ఇక్కడ తోటని పూత మీద అమ్ముతారు. షావుకారు వచ్చి చెట్లు చూసి, మాట అనుకుని, కాపలావాళ్లని దింపుతాడు. ఆ రోజు నుంచి ఆఖరి కాయ కోసేదాకా సొంతదారు తోటలో తిరిగితే మర్యాద కాదు. తిరిగేవాళ్లు లేకపోలేదు. పున్నమ్మ మాత్రం ఆవకాయకి నాలుగు కాయలు కావాలన్నా గట్టు మీద నిలబడి కాపలావాణ్ణి అడిగేది.

నాలుగేళ్ల కిందట గ్యాస్ వెతికే కంపెనీ వచ్చి, తోట పైకొస నుంచి రెండెకరాలు లీజుకి తీసుకుంది. యాభై కలెక్టరు రకం మామిడి చెట్లు కొట్టేశారు. మాటలన్నీ మరిది వీరరాఘవయ్యే చూసుకున్నాడు. బోరు దింపేటప్పుడు మందులు కలిపిన బురదనీళ్లు లోపలికి పోతాయని, రాతిపొడితో పైకొస్తాయని, నల్ల పట్టా పరిచిన గుంటలో వాటిని నిలవచేస్తామని ఇంజనీరు చెప్పాడు. పని అయ్యాక ఆ బురదని ట్యాంకర్లతో తరలించి, ముందే విడిగా తీసి ఉంచిన పైమట్టిని మళ్లీ పైనే పరుస్తామన్నాడు. పున్నమ్మకి ఆ చివరి మాట నచ్చింది. మట్టి విలువ తెలిసినవాళ్లేననుకుంది.

అనుకుని, షావుకారుకి తోట ఇచ్చినట్టే ఇచ్చేసింది. ఇరవై నెలలు గట్టు దాటలేదు. ఊరంతా వెళ్లి ఆ ఇనప గోపురం ముందు సెల్ఫీలు దిగింది. గ్యాస్ పరీక్షకని తొమ్మిది రోజులు మంట వెలిగించినప్పుడు, పక్క వరస చెట్ల పూత మాడి రాలుతుంటే గట్టు మీంచే చూసింది. ఒకరోజు ఘాటు వాసన భరించలేక గేటుదాకా వెళితే మరిది ఎదురొచ్చాడు.

“ఇచ్చాక లోపలికొస్తే బాగోదు వదినా. నేను చూసుకుంటున్నాగా.”

నిజమే, బాగోదనుకుని తిరిగొచ్చింది.

గ్యాస్ చాలినంత లేదని తేలింది. బోరుకి సిమెంటు దట్టించి కంపెనీ వెళ్లిపోయింది. నేల చదును చేసి అప్పగించే కాంట్రాక్టు మరిదే తీసుకున్నాడు. భూమి మునుపటిలా అందిందన్న కాగితం తెస్తే, అలికిన వాకిలిలా మెరుస్తున్న ఎర్రమట్టిని చూసి, గట్టు మీదే సంతకం పెట్టింది.

ఆ తొలకరికి పెట్టిన అంట్లు దసరాకల్లా ఆకుల అంచులు మాడి చచ్చాయి. నర్సరీవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. రెండో ఏడు ఇంకో నర్సరీ నుంచి తెచ్చి, బిందెతో నీళ్లు పోసి పెంచింది. అవీ పోయాయి. ఈసారి వేరేవాళ్ల చేత పెట్టిద్దామనుకుంది, తన చెయ్యే చెడిందేమోనని.

పున్నమ్మ రెండో కాలూ మెట్టు మీద వేసింది. ట్యాంకరు తోలే జయకర్ ఆమెని చూసి పక్కకి తప్పుకున్నాడు. వీరరాఘవయ్య గబగబా లేచి కుర్చీ జరిపాడు.

“రా వదినా, కూర్చో. కాఫీ...”

“ఎంత లోతు?”

“ఏంటి?”

“గుంట.”

జయకరే చెప్పాడు. “రెండు నిలువులండీ. అడుగున పట్టా కూడా చిరిగిపోయింది. అలాగే మూసేశారు.”

“నువ్వు చూసుకునే సంతకం పెట్టావనుకున్నా వదినా,” అన్నాడు వీరరాఘవయ్య, గొంతు సవరించుకుని. “ఇప్పుడిది బయటపెడితే ముందు అడిగేది నీ సంతకం గురించే.”

“నువ్వేగా రావద్దన్నావు.”

“రావద్దనలేదు. బాగోదన్నాను.”

గునపం మాట ఎత్తకుండానే పున్నమ్మ బయటికొచ్చేసింది.

ఆమె అక్క కొడుకు రవిచంద్ర ఇంజనీరింగ్ మూడో ఏడు మధ్యలో వదిలేసి, ఊళ్లో మోటార్లు బాగుచేస్తుంటాడు. షెడ్డుకొచ్చి పున్నమ్మ సంగతంతా చెబితే వాడు చేతిలో పానా విసిరికొట్టాడు.

“ఇరవై నెలలు పిన్నీ! మర్యాదట మర్యాద! నీ పొలం నువ్వు చూసుకోడానికి సిగ్గేంటి?”

“తిట్టడం అయిందా?”

“అవలేదు. గుంటేమో పైన, నీ ఆరెకరాలేమో దిగువన. ఇంకో రెండు వానలు పడ్డాయా, ఆ బురదలోని ఉప్పంతా నీ చిన్నరసాల వేళ్లకి దిగుతుంది. ఇప్పటికే ఎంత దిగిందో!”

“అందుకే వచ్చాను. ఆఫీసాయన ఎల్లుండిదాకా ఊళ్లోనే ఉంటాట్ట. అర్జీ రాయి.”

రవిచంద్ర చేతులు తుడుచుకుని కాగితం తీశాడు. నాలుగు వాక్యాలు ఆపకుండా రాసి, పెన్ను పైకెత్తాడు.

“సంతకం సంగతి వదిలేద్దాం. నీకేమీ తెలీదని రాస్తా. ఆడమనిషివి, వాళ్లూ పెద్దగా అడగరు.”

“తెలీకపోవడమేంట్రా? ఏడో క్లాసు చదివాను. ఆ కాగితం చదివే పెట్టాను.” పున్నమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. “సంతకం నాదేనని రాయి. గట్టు మీద నిలబడి, లోపల చూడకుండా పెట్టానని రాయి. రాఘవయ్య పేరు ఇంటిపేరుతో సహా రాయి. అది నా ఇంటిపేరు కూడానని నాకు తెలుసు. అయినా రాయి.”