మీ కరెంటు ఎక్కడిది బిడ్డా?

మా పైయింటి పెద్దమ్మ పోయిన సంగతి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే పాపను కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, దింపి సైకిల్ తాళం తీస్తున్నాను. "అమ్మ ఇందాకే వెళ్లిపోయింది అక్కా" అని కాసేపు ఏడ్చి, తర్వాత తనే నవ్వింది. ముందురోజు ఆస్పత్రిలో పెద్దమ్మ డాక్టర్ని పిలిచి, ఇక్కడికి కరెంటు ఎక్కడినుంచి వస్తోందని అడిగిందట. ఆయన పాపం గుండె చూసే మెషీన్ వైరు పట్టుకుని గోడ దాకా వెళ్లి ప్లగ్గు చూపించాడట. "అది కాదు, ఆ గోడ వెనక" అందట పెద్దమ్మ.

జర్మనీలోని ఈ ఎర్లాంగెన్‌లో ఆమెను ఎరిగిన తెలుగువాళ్లెవరికీ ఇది వింతగా తోచదు. మేము ఈ ఇంట్లో దిగిన మూడో రోజున ఆమె సర్వపిండి పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. నేను "రండి ఆంటీ" అన్నాను. "ఆంటీ అంటే ఎవరికన్న ఆంటీనే. పెద్దమ్మా అను" అని కూర్చుని, అన్‌మెల్డుంగ్, అంటే ఊళ్లో చిరునామా నమోదు, అయిందా అని అడిగింది. అయిందన్నాను.

"మరి కరెంటు ఎవరిది?"

"మామూలు కరెంటే పెద్దమ్మా."

"మామూలు కరెంటు" అని నా మాటనే మళ్లీ అంది. నేను స్నానం చేసి నెలయిందని చెప్పినట్టు చూసింది నన్ను. మనంతట మనం ఎవరినీ ఎంచుకోకపోతే ఊళ్లో ఉన్న కంపెనీయే తన మానాన తను కరెంటు ఇచ్చేస్తుందనీ, అది దేన్ని కాల్చి ఇస్తుందో అడగాల్సింది మనమేననీ ఆరోజే తెలిసింది.

అడుగుదాంలే అనుకుంటూ రెండు వారాలు గడిపాను. ఒక శనివారం టై కట్టుకున్న ఒకాయన బెల్ కొట్టాడు. కోటు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, చేతిలో టాబ్లెట్. నూటికి నూరు పాళ్లు పర్యావరణానికి మేలు చేసే కరెంటు అన్నాడు. పెద్దమ్మ మెచ్చుకుంటుందని అక్కడే వేలితో సంతకం పెట్టేశాను. ఆ మాటలు విని ఆమె గరిటెతోనే కిందికి వచ్చింది.

ఆమె జర్మన్‌లో తెలంగాణ యాస ఉండేది. ప్రతి వాక్యం చివరా ఈ ప్రాంతం వాళ్లలాగా 'గెల్' అనేది. అంటే మన 'కదా'. ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి మూడు ప్రశ్నలడిగింది. మీ కంపెనీ ఎవరి సొంతం? ఆ సొంతదారు ఇంకోచోట బొగ్గు కాలుస్తాడా? ఈ మధ్య కొత్తగా ఒక్క గాలిమరైనా కట్టారా? ఆయన నవ్వాడు. తర్వాత టాబ్లెట్‌లో వెతికాడు. ఆపైన ఆఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్లు లైన్లో ఉంచి సంగీతం పెట్టారు. పెద్దమ్మ గరిటెతో తాళం వేస్తూ కూర్చుంది.

ఈలోగా నాకు తెలుగులో పాఠం చెప్పింది. "ఏడనో నార్వేల ఎప్పటినుంచో ఉన్న డ్యాముల కరెంటని రాసిన కాగితం కొంటరు బిడ్డా. గా కాగితం నీకు అంటవెడతరు. ఈడ కాల్చే బొగ్గు కాలుస్తనే ఉంటరు. ఆకు బొమ్మ ఏస్తే పచ్చ కరెంటైతదా?"

మా ఆయన ఇంజనీరు. ఉండబట్టలేక, "వైర్లలో ఎవరికైనా వచ్చేది అదే కరెంటు కదా పెద్దమ్మా" అన్నాడు.

"వచ్చేది అదే. నీ పైసలు ఎవరికి పోతున్నయన్నది కావాలె" అని, గరిటె పక్కన పెట్టి చెప్పింది. "మా ఊరి పక్కనే బొగ్గు కరెంటు ప్లాంటుండె. మా అమ్మ డాబా మీద వడియాలు పెడితే పొద్దుమీకేసరికి వాటి మీద బూడిద. ఊదుకుంట తినేటోళ్లం. పెండ్లయి అత్తగారింటికి పోయేదాక, వడియాలంటే బూడిద రంగులనే ఉంటయనుకున్న."

మేమిద్దరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

గంట తర్వాత ఆ టై ఆయన ఫోన్ పెట్టేసి, పద్నాలుగు రోజుల్లోపు ఒప్పందం వద్దనుకోవచ్చని తనే చెప్పి, ఆ ఫారం ఎక్కడుందో చూపించాడు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, తన ఇంటికి ఏ కంపెనీని పెట్టుకోమంటారని పెద్దమ్మనే అడిగాడు. ఆమె ఒక కాగితం మీద పేరు రాసి, రెండు సర్వపిండి ముక్కలు పొట్లం కట్టి ఇచ్చింది. మేమూ ఆ పేరుకే మారాం. ఒక్క క్షణం కూడా లైటు ఆరలేదు. నాకెందుకో ఆరుతుందని భయంగా ఉండేది.

రెండేళ్ల తర్వాత ఒకరోజు పెద్దమ్మ ఫైల్లో ఆమెకు కావాల్సిన మీటె కాగితం, అంటే అద్దె కాగితం, నేను వెతుకుతుంటే కరెంటు బిల్లు కనిపించింది. కరెంటు దేనితో తయారైందో చూపించే గుండ్రటి బొమ్మలో బొగ్గుదే పెద్ద ముక్క. పైన ఆమె భర్త, మా పెదనాన్న పేరు. నేను ఆయన్ని చూడలేదు. మేము రాకముందే పోయారు. ఇక్కడి కంపెనీలో బొగ్గు ప్లాంట్లకు టర్బైన్లు తయారుచేసిన మనిషి. బతికున్నన్నాళ్లూ టీ తాగుతూ ఇద్దరూ ఈ విషయం మీదే పోట్లాడుకునేవారని కూతురు చెప్పేది.

పెద్దమ్మ బిల్లు నా చేతిలోంచి తీసుకుంది. "మార్చాలంటే ఆయన పేరు తీసెయ్యాలె బిడ్డా. నెలనెలా ఆయన పేరుతోని వచ్చేది ఇదొక్కటే మిగిలింది."

నేను ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత ఆమే ఫైలు పట్టుకుని కిందికి వచ్చింది. "ఫోన్ కలుపు. నేను మాట్లాడత."

కంపెనీ అమ్మాయి, ఒప్పందం ఉన్నది పెదనాన్న పేరు మీద కాబట్టి ఆయనతోనే మాట్లాడాలంది. పెద్దమ్మ, ఆయన లేరంది. ఎప్పుడు చేస్తే దొరుకుతారని అడిగింది అమ్మాయి. పెద్దమ్మ నావైపు తిరిగి, "ఏం చెప్పాలె దీనికి?" అంది తెలుగులో. తర్వాత చాలా నెమ్మదిగా, గెల్ అనకుండా, ఆయన చనిపోయారని జర్మన్‌లో చెప్పింది. అవతలి పిల్ల తడబడి సంతాపం తెలిపింది. ఏడేళ్లు ఆలస్యంగా వచ్చిన సంతాపానికి పెద్దమ్మ మర్యాదగా థాంక్స్ చెప్పింది.

కొత్త కంపెనీ ఉత్తరం ఆమె పేరు మీదే వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. "ఆయనుంటే నెల దినాలు నాతోని మాట్లాడకపోతుండె" అని, సంబరంగా టీ పెట్టింది.

మొన్న శనివారం కూతురు ఇల్లు సర్దుతూ, లెక్క ముగించడానికి మీటర్ అంకెలు కావాలట, చూసి రమ్మంది. కింద కెల్లర్‌లోకి, నేలమాళిగలోకి, వెళ్లి ఫోన్ లైటు వేశాను. గోడకు ఆరు పాత మీటర్లు వరసగా ఉన్నాయి. పెద్దమ్మ మీటర్ ఆగిపోయి ఉంటుందనుకున్నాను. లేదు. ఫ్రిజ్ ఎవరూ ఆపలేదు. అందులో ఆమె రుబ్బిన దోసెల పిండి ఇంకా ఉంది. అంకెలు రాసుకున్నాక కూడా పైకి వెళ్లబుద్ధి కాలేదు. అద్దం వెనక ఆ వెండి చక్రం, అంచున ఎర్ర గీతతో, ఏ తొందరా లేకుండా తిరుగుతోంది.