స్టీరింగ్ మీద చెయ్యి

మా అక్క ఎస్తేరు పోయి మొన్నటికి నలభై రోజులు. ఆమెను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఎనభై ఆరు వేసవిలో మాచర్ల ప్రయాణం.

అక్క నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. నాపరాళ్ల లారీ నడిపే అంకారావును ప్రేమించింది. పాత లారీలో వాటా కొంటాను, కొన్నాక పెళ్లి అని అతనంటే, చీటీ పాడి వచ్చిన మూడు వేలు చేతిలో పెట్టింది. కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటాడని అడగలేదు. ఆరు నెలలకు అతనికి కారంపూడిలో సంబంధం కుదిరింది. నెలకు నూటయాభై చొప్పున చీటీ కట్టడం మాత్రం అక్కకు మిగిలింది. రెండు నెలలు కట్టకపోయేసరికి, జామీనున్న తోటి ఆయా మెహరున్నీసా మా ఇంటికొచ్చి అడుగుతానంది. వస్తే తాపీపని చేసే నాన్నకు అంతా తెలుస్తుంది.

"చేబదులని చెబుతా. నువ్వు నోరెత్తమాక," అని బస్సులో నాకు పదిసార్లు చెప్పింది.

మాచర్లలో అంకారావు తను పనిచేసే రాళ్ల యార్డులో, లారీ దగ్గరే ఉన్నాడు.

"ఏందే, ఈడికొచ్చావ్?"

"నా మూడు వేలియ్యి."

"ఏ మూడు వేలు? కాగితముందా?"

హమాలీలు నవ్వారు. యార్డు యజమాని జాన్ సాహెబ్ టీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"ఏందమ్మా గోల?"

"చేబదులిచ్చా సాయిబు గారూ. లేదంటన్నాడు."

"ఒరేయ్, బండెక్కు. స్టీరింగ్ మీద చెయ్యేసి ఆ మాట అను. అన్నాకే లోడు తీసుకెళ్లు."

రోజూ స్టీరింగుకు దణ్ణం పెట్టుకున్నాకే బండి కదిలిస్తారు డ్రైవర్లు. దాని మీద అబద్ధమాడరు. అంకారావు బండెక్కి చెయ్యేశాడు. అక్క నా మణికట్టు నొప్పెట్టేలా పట్టుకుంది.

"ఇచ్చింది సాయిబూ. చేబదులు మాత్రం కాదు. పెళ్లి చేసుకుంటానని తీసుకున్నా."

"అబ్బో! ఒక్క లారీకి ఇద్దరు పెళ్లాలా?" అన్నాడొక హమాలీ.

"నోర్ముయ్ రా," అని కసిరి, జాన్ సాహెబ్ మూడు వందలు తీసి అక్కకిచ్చాడు. మిగతాది అంకారావు జీతంలోంచి నెలనెలా పట్టి ఇస్తానన్నాడు. అక్క ఆ నోట్ల వంక చూడకుండానే కొంగున ముడేసుకుంది.

నరసరావుపేటలో బస్సు దిగాక, "మెహరున్నీసా ఇంటికేనా?" అన్నాను.

"కాదు. ఆ హమాలీలు వారానికి రెండుసార్లు లోడుతో ఈ ఊరొస్తారు. వాళ్లకన్నా ముందు నేనే చెప్పాలి."

నాన్న ఎవరింటికో గోడ పూస్తున్నాడు. "ఏందమ్మా, ఇద్దరూ ఇట్టొచ్చారు?" అన్నాడు పరంజా మీది నుంచి. "నీకో మాట చెప్పాల నాన్నా," అంది అక్క, కొంగు ముడి విప్పుతూ. నాన్న తాపీ పక్కన పెట్టి కిందికి దిగడం మొదలుపెట్టాడు.