ఒకే డబ్బాలో రెండు రీళ్లు

ఫొటో స్టూడియో దశరథం పోస్టాఫీసుకు పోవడం మానేశాడు. నెలనెలా ఆర్.డి. కట్టే పని భార్య సరోజ మీద పడింది. ఆమె రెండు నెలలు ఊరుకుంది. మూడో నెల అడిగేసింది.

"ఏందయ్యా, ఆడ నిన్నెవరన్న కరుస్తరా ఏంది?"

"గోడ మీద ఫొటో ఉంది. అది కరుస్తది" అన్నాడు దశరథం.

ఆ ఫొటో కృష్ణ ఒడ్డున తీసింది. ఒక ముసలమ్మ గుండ్రటి పుట్టి పడవలోంచి దిగుతోంది. ఒక కాలు పుట్టిలో, ఒక కాలు నీళ్లలో. పుట్టి ఆమె వైపు ఒరిగింది. ఆమె చూపంతా తన కాలు మీదే, కెమెరా అనేది ఒకటుందని తెలియనట్టు. రంగులు లేవు, నలుపు తెలుపు. తీసింది కౌంటర్లో కూర్చునే నవనీత. పెద్దమందడి నుంచి ఏడాది కిందట బదిలీ మీద గద్వాలకు వచ్చింది. అచ్చంపేటలో మూతపడిన ఒక స్టూడియో నుంచి పాత రీలు కెమెరా కొనుక్కుని, సెలవు రోజున ఏ చెరువు కట్ట మీదో, ఏ చేను గట్టు మీదో కూర్చునేది.

మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు దశరథం క్యూలో ఉన్నాడు. వెనకవాళ్లు తోసేదాకా కదల్లేదు. తప్పు వెతికాడు. వెలుతురులో దొరకలేదు. ఫోకస్‌లో దొరకలేదు. చివరికి కౌంటర్ దగ్గర, మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"దీనికి ఎన్ని ఫొటోలు కొట్టినవమ్మా?"

"ఒక్కటే అన్నా. దానికోసం మూడు ఆదివారాలు పోయిన గానీ."

ఆ పిల్లకు గర్వముంటే బాగుండేది, తిట్టుకోవడానికి వీలయ్యేది. ఆమె రశీదు మీద ముద్ర కొట్టినంత మామూలుగా చెప్పింది.

దశరథానిది మల్దకల్ దగ్గర కూలి చేసుకునే కుటుంబం. ఆయనకు ఫొటో ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి నేర్చుకున్నాడు. చీకటి గదిలో చేతులు మందుల్లో నానబెట్టి, గోళ్లు పసుపెక్కే దాకా రీళ్లు కడిగాడు. గద్వాల చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయనవే. "గడ్డం జర దించు, భుజం ఇటు తిప్పు, ఊపిరి పట్టు" అని ఆయన అంటే పెళ్లికొడుకులు రాతిబొమ్మల్లా నిలబడేవారు. డిజిటల్ వచ్చాక రీళ్లు పోయాయి. చీకటి గది ఆల్బమ్ అట్టపెట్టెల గోదామైంది. ఇప్పుడు ఒక పెళ్లికి ఆయన వేలు వానచినుకుల్లా బటన్ మీద పడుతూనే ఉంటుంది, అందులో ఏదో ఒకటి బాగుండకపోతుందా అని.

ఆయనకు గర్వమంటూ ఉన్నది ఒక్కదాని మీదే. నేతగాళ్ల సంఘం ఏటా వేసే క్యాలెండర్ మీద ఫొటో ఆయనది. గద్వాల చీర కట్టిన పెళ్లికూతురు, నిటారుగా. హోటల్లో, దవాఖానలో, ఎవరింటికి పోయినా గోడ మీద అదే. చూడనట్టు చూసి, కింద తన పేరుందో లేదో ఒకసారి సరిచూసుకునేవాడు.

ఈసారి సంఘం అధ్యక్షుడు ప్రశాంత్ స్టూడియోకు వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"దశరథమన్నా, ఏమనుకోకు. ఈయేడు పెండ్లిపిల్ల వద్దనుకున్నం. వీధిల పడుగు మీద పని చేసేది కావాలె. నలుపు తెలుపుది, రీలుది. పోస్టాఫీసు నవనీత మేడంకు చెప్పినం."

"రీలా? గద్వాలకు రీలు సూపిచ్చినోన్ని నేను. నన్నడగక ఆ పిల్లనడుగుతవా?"

ప్రశాంత్ ఇబ్బందిగా నవ్వాడు. "అయితే నువ్వు గూడ తీయన్నా. శుక్రవారం కల్లా ఇద్దరియి సూస్తం. ఏది మంచిగుంటే అది ఏస్తం."

ఆ సాయంత్రమే దశరథం పెట్టె అడుగునుంచి పాత కెమెరా తీసి తుడిచాడు. క్యాలెండర్ పోవడం ఒక ఎత్తు, ఆ పిల్లకు పోవడం ఒక ఎత్తు.

నేతగాళ్ల వీధిలో తెల్లవారగానే పడుగు చాపుతారు. నిలువు పోగులన్నీ వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా తాళ్లతో లాగి కట్టి, గంజి చల్లి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. తెగిన పోగు కనబడితే ఆగి ముడి వేస్తారు. ఎండ ముదిరే లోపల అంతా అయిపోవాలి. ఆ కార్తీక మాసం పొద్దున మంచు ఇంకా విడలేదు. దశరథం వీధి మలుపు తిరగ్గానే కుంచె పట్టుకున్న నేతగాడు పెద్దన్న అరిచాడు.

"ఏయ్, దశరథమన్న వచ్చిండు!"

కుంచెలు ఆగిపోయాయి. ఒకరు జుట్టు ముడి సవరించుకున్నారు. ఒకామె చీర మార్చుకోవడానికి ఇంట్లోకి పరిగెత్తింది. పెద్దన్న చొక్కా తొడుక్కుని వచ్చాడు. అందరూ పడుగు పక్కన వరసగా నిలబడి, గడ్డాలు కొద్దిగా దించి, భుజాలు ఒక పక్కకు తిప్పి, ఊపిరి పట్టారు.

"అరె, పని చేయుండ్రి. నన్ను సూడకుండ్రి."

"సూడకుంటే ఫొటో ఎట్లొస్తదన్నా? నా పెండ్లిల గడ్డం పట్టుకొని మరీ తిప్పినవ్ కదా, సూడు సూడుమని" అన్నాడు పెద్దన్న.

"గిట్ల నిలబడమనే కదా నువ్వు చెప్పింది" అంది అతని భార్య జములమ్మ, ఊపిరి వదలకుండానే.

ముప్పై ఏళ్లుగా ఆయన ఈ ఊళ్లకు నేర్పిన చదువు అది. ఒక్క పొద్దులో మరిచిపొమ్మంటే మరిచిపోతారా?

ఎదురింటి అరుగు మీద నవనీత కూర్చునుంది. ఒళ్లో కెమెరా, చేతిలో వేయించిన పల్లీలు. ఆమెను ఎవరూ చూడటం లేదు. పదిహేను రోజులుగా వస్తోందట. మొదట్లో చూసి చూసి విసిగిపోయి, అరుగు మీద మరో చెంబులా ఆమెను వదిలేశారు. దశరథానికి ఒళ్లు మండింది. ఆమె కెమెరా ఒకసారి ఎత్తింది, కంటికి ఆనించింది, మళ్లీ దించేసింది. నొక్కలేదు. ఆయన మాత్రం ఆగలేకపోయాడు. ఆమెకంటే ముందు కొట్టాలి, ఆమెకంటే దగ్గరగా కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ డిజిటల్ అలవాటుతో కెమెరా వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

"ఏమన్నా, ఆడ ఏం కానొస్తది? అంత నల్లగనే ఉంది కదా" అని జములమ్మ నవ్వింది.

ఎండ ఇళ్ల కప్పుల మీదికి రాకముందే ఆయన రీలు అయిపోయింది.

బుధవారం నవనీత స్టూడియోకు వచ్చి, తన రీలు ఆయన అరచేతిలో పెట్టింది.

"హైదరాబాద్ పంపితే శుక్రవారానికి రాదన్నా. గద్వాలల రీలు కడగొచ్చేది నువ్వొక్కనివే అని అందరు చెప్తుండ్రు. మందులు నా దగ్గరున్నయి, ఇగో. జర కష్టమనుకోకు."

ఇంత మాత్రం అని డ్యూటీకి పోయింది.

అట్టపెట్టెలు బయటికి తోసి, చీకటి గది ఊడ్చి, దశరథం రెండు రీళ్లు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనదొకటి, ఆమెదొకటి. గదిలో ఇంకెవరూ లేరు. ఆమె రీలు చెడిపోవడానికి కుళాయి నీళ్లు కొంచెం వెచ్చగా ఉంటే చాలు. తలుపు వేలెడంత సందు ఉంటే చాలు. ఎవరూ అడగరు. 'రీలు పాతదమ్మా, నీకు కొరియర్‌ల వచ్చేటప్పుడే ఎండకు పాడైనట్టుంది' అనవచ్చు. ఆ మాట తను ఎప్పుడు తయారుచేసుకున్నాడో తెలియదు, నోట్లో సిద్ధంగా ఉంది. అది చూసి ఆయనకే భయమేసింది.

లేచి, రెండు రీళ్లు ఒకేసారి కడిగే పెద్ద డబ్బా వెతికి తీశాడు. దీపం ఆర్పాడు. తడుముకుంటూ ఆమె రీలు అడుగున పెట్టాడు, తనది దాని మీద పెట్టాడు. మూత బిగించాడు. ఇక ఆమెదానికి ఏమైతే తనదానికీ అదే.

కుండనీళ్లలో ఐసు ముక్కలు వేసి, మందు చల్లబడే దాకా కూర్చున్నాడు. తొందరపడలేదు. మందు పోసి డబ్బా మెల్లగా వంచడం, ఆపడం, మళ్లీ వంచడం. బయటినుంచి సరోజ పిలిచింది.

"అన్నం సల్లగైతుంది."

"డబ్బా చేతులుంది. ఇడిసిపెట్టరాదు."

"నీ రీలా, ఆ పిల్లదా?"

"రెండూ."

"ఒకదాంట్లనేనా?"

"ఒకదాంట్లనే."

"మంచిది. మూతపెట్టి ఉంచుత" అని వెళ్లిపోయింది.

కడిగిన రీళ్లు తీగకు వేలాడదీసి, బల్బు వెలుగులో చూశాడు. ఆయన రీలు నిండా వరసగా మనుషులు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆమె రీలు సగం కూడా నిండలేదు. మిగతాదంతా ఖాళీ. ఇంత ఖాళీ వదిలేసి తెచ్చి ఇచ్చిందా! ఉన్నవాటిలో ఒకటి చూసి ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. జములమ్మ తెగిన పోగు కొసను పళ్ల మధ్య పట్టుకుని, రెండో కొస కోసం వేళ్లతో వెతుకుతోంది. కుంచె నుంచి గంజి చుక్క ఒకటి రాలబోతోంది. వెనక పడుగంతా మంచులోకి పోతోంది. తను అన్నేళ్లుగా ఆ వీధిలో తిరిగాడు. జములమ్మ పళ్లతో పోగు పట్టుకుంటుందని ఆయనకు తెలియనే తెలియదు.

ఆ ఫొటోను బాగా లేకుండా ప్రింటు తీయడం ఆయనకు చేతకాలేదు. మంచు తెల్లబారిపోకుండా, వేళ్లు నల్లబడకుండా, కాగితాలు పారేసి పారేసి తీశాడు. తీస్తున్నంతసేపూ ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాడు.

శుక్రవారం సంఘం ఆఫీసులో ప్రశాంత్ ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని "ఇదే" అన్నాడు. తర్వాత మర్యాద కోసం రెండోది చూశాడు. "నీది గూడ మంచిగుందన్నా. గ్రూపు ఫొటో లెక్క."

నవనీత తన ప్రింటు వెలుతురుకు పట్టుకుని చూసుకుంది. "అన్నా, ఇంత మంచిగొస్తదని నాకే తెల్వదు. కింద నీ పేరు గూడ ఏపిస్త."

"వద్దు. నా పేరు పైన నా ఫొటోనే ఉండాలె" అన్నాడు దశరథం. మాట అనుకున్నదానికంటే కరుకుగానే వచ్చింది. ఆయన తన ప్రింటు చుట్టుకుని చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

క్యాలెండర్ అచ్చయింది. హోటల్లో అదే, దవాఖానలో అదే. దశరథం స్టూడియోలో పెట్టలేదు. సరోజ వంటింట్లో పెట్టుకుంది. ఆయన అన్నం తింటున్నంతసేపూ దానికి వీపు పెట్టి కూర్చుంటాడు.

కొత్త సంవత్సరం వచ్చిన వారంలోనే ఒక పొద్దున ఆయన నేతగాళ్ల వీధికి పోయాడు. పెద్దన్న అరిచాడు, కుంచెలు ఆగాయి, అందరూ ఆయన చేతుల వైపు చూశారు.

"కెమెరా ఏదన్నా?"

"తేలే."

"మరెందుకొచ్చినవ్?"

"ఊకెనే."

నవనీత కూర్చునే అరుగు ఖాళీగా ఉంది. ఆయన దాని మీద కూర్చోలేదు. ఇంకో రెండిళ్లు దాటి, ఒక గడప పక్కన రాయి చూసుకున్నాడు. గంజి ఆరిపోతోందని పెద్దన్న మళ్లీ కుంచె ఎత్తాడు. ఒకరొకరే పనిలో పడ్డారు. ఆ పిల్లను మరిచిపోవడానికి వీళ్లకు పదిహేను రోజులు పట్టింది. తనను మరిచిపోవడానికి ఏడాది పడుతుందేమో. పట్టనీ.

జములమ్మ మాత్రం ఇంకా కొంగు సర్దుకుంటూ ఆయన వైపే చూస్తోంది. ఆమె కూడా పనిలో పడనీ అని దశరథం మొహం గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.