పరిశీలకుడి సంతకం

ఇరవై మూడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాట. "లేదు సార్." అంతే. ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఆడి కూడా మనుషులు అన్నం తింటారు, పడుకుంటారు. నేనూ తిన్నాను, పడుకున్నాను. అయినా ఆ మాట బరువు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదన్నది నాకు ఒక వింత ప్రశ్న. ఎందుకంటే నేను డిగ్రీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. మనిషి దేన్ని మరిచిపోతాడు, దేన్ని మరవలేడు అన్నది నా పాఠాల్లో ఒకటి. ఆ పాఠానికి నా సంగతే మంచి ఉదాహరణ. ఎన్నడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందువల్ల ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

కాలేజీ తెరిచిన మొదటి వారంలో, బి.ఏ.లో కొత్తగా చేరినవాళ్లకు ఏటా ఒక గంట కేటాయిస్తాను. ఈ చదువు చదివితే ఏమవుతారు అన్నది ఆ గంట విషయం. ఎం.ఏ. చేసి లెక్చరర్ కావచ్చంటాను. మానసిక వైద్యం చేసే ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో, పిల్లలకు ఏ చదువు నప్పుతుందో చెప్పే కేంద్రాల్లో పని ఉందంటాను. సగం మంది వినరు. వాళ్లు వేరే గ్రూపులో సీటు రాక ఇక్కడికి వచ్చినవాళ్లు.

ఈ ఏడు ఆ గంటలో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. శృంగవరపుకోట దగ్గర పల్లె అమ్మాయి. ఈ సబ్జెక్టును కోరి తీసుకున్నది ఆ క్లాసులో తనొక్కతే. ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. వాళ్ల హైస్కూలు మాస్టారు చెప్పారట. ఆయన కూడా బి.ఏ.లో ఇదే చదివారట. పాఠంలో ఒక్కో ముక్కనీ తమ వీధిలో ఒక్కో ఇంటి దగ్గర పెట్టుకుని గుర్తుంచుకోమంటారట. అలా చదివే ఇంతవరకూ వచ్చానంది. తర్వాత ఏ బెరుకూ లేకుండా అడిగింది: "మరి మీకెలా వచ్చిందండి, ఈ అవకాశం?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వి, గంట అయిపోయిందన్నాను. ఇంకా పది నిమిషాలుంది.

ఆ మాస్టారి పేరు నేను అడగలేదు. అడగక్కర్లేదు.

అతని పేరు అప్పలసూరి. అరవైలు ముగుస్తున్న రోజుల్లో విజయనగరంలో మేమిద్దరం ఒకే బెంచీ, ఒకే అద్దె గది. మా నాన్నగారు అరసవల్లిలో బడిపంతులు. మా ఇంట్లో చదువు కొత్త కాదు. అతనిది శృంగవరపుకోటకు రెండు మైళ్లలో ఉన్న పల్లె, వరి పండించే ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది అతనొక్కడే. మా గ్రూపులో పది మందిమి. మిగతా గ్రూపులవాళ్లు మమ్మల్ని పిచ్చాసుపత్రి బ్యాచి అనేవారు. ఇది సదివితే ఆసుపత్రిలో డాక్టరవుతావా, రోగివవుతావా అని వాళ్ల మావ అడిగాడని అప్పలసూరే చెప్పి నవ్వేవాడు.

ఆ ప్రశ్నకు మా దగ్గరా జవాబు లేదు. ఇప్పుడు నేను పిల్లలకు చెప్పే దారులన్నీ అప్పటికి పుస్తకాల్లో ఉన్నాయేమో, మా ఊళ్లలో మాత్రం లేవు. బి.ఏ. అయ్యాక టీచరు ట్రైనింగో, గుమాస్తా పనో. మూడోది ఒక్కటే, వాల్తేరు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. మా చివరి సంవత్సరంలో లెక్చరర్ గారికి అక్కడి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. జూట్ మిల్లులో పనివాళ్లను పరీక్ష పెట్టి ఎంచుకోవడం మీద ఏదో పరిశోధన మొదలుపెడుతున్నారు. ఒక మంచి విద్యార్థిని పంపితే ఎం.ఏ.లో సీటుతో పాటు అందులో సహాయకుడి పని కూడా ఇస్తారు. ప్రయోగాల రికార్డు చూసి ఎంపిక చెయ్యమన్నారు. ఒక్కరినే. మార్కుల్లో నేను మొదటివాణ్ని. అది నాదేనని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు నేను అనుకున్నాను.

మా ప్రయోగాలకు ఒక పద్ధతి ఉండేది. ఇద్దరిద్దరు జోడీ. ఒకరు ప్రయోగం చేస్తే రెండోవారు పక్కన ఉండి చూడాలి. రికార్డులో ప్రతి ప్రయోగం కింద "పరిశీలకుడి సంతకం" అని ఒక గీత. చూసినవాడు అక్కడ సంతకం పెట్టాలి. నిజానికి ఎవరూ చూసేవారు కాదు. రికార్డులు ఇచ్చే ముందు రోజు గదుల్లో కూర్చుని ఒకరి పుస్తకంలో ఒకరం గబగబా గీకేసేవాళ్లం. లెక్చరర్ గారికీ ఆ సంగతి తెలుసు.

చివరి ప్రయోగం మా ఇష్టానికి వదిలేశారు. నేను అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించి తప్పులు లెక్కపెట్టే ప్రయోగం తీసుకున్నాను. అప్పలసూరి ఏదో ఆలోచిస్తూ తిరిగాడు. ఒక రోజు అన్నాడు, వాళ్ల అత్త పైడమ్మ వారం వారం సంతకు వెళ్తుందని, వెళ్లే ముందు వీధిలో ప్రతి ఇంటివాళ్లూ అరుగుల మీద నుంచి నాకిది తే, నాకది తే అని అరుస్తారని, ఆవిడ ఒక్క అక్షరం రాయకుండా, ఒక్కటి మరవకుండా అన్నీ తెస్తుందని. ఎలాగో చూడాలన్నాడు.

సంబంధం లేని పన్నెండు మాటల జాబితా రాసుకున్నాడు. ముందు హాస్టలు కుర్రాళ్లకు ఒక్కసారి చదివి వినిపించి, వారం తర్వాత అడిగాడు. సగం కూడా చెప్పలేకపోయారు. తర్వాత పల్లె. రెండుసార్లూ నేను బస్సులో అతనితో వెళ్లాను. పైడమ్మతో పాటు సంతకు వెళ్లే ఆడవాళ్లు ఇంకో ఆరుగురిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ విడిగా ఆ మాటలు చదివాడు. వారం తర్వాత మళ్లీ వెళ్లి అడిగాం. ఎవరూ పెద్దగా తప్పలేదు. పైడమ్మ పన్నెండూ చెప్పింది, వరసలో. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడకు నవ్వొచ్చింది.

"ఇందులో ఏటుంది బాబూ. ఈది మొదట్ల గవరమ్మ ఇల్లు. దాని అరుగు మీద నీ నిచ్చెన ఏసినాను. అప్పన్న వాకిట్లో గొడుగు ఇప్పి పెట్టినాను. ఆ పక్కింటి కాడ కుక్క ఉంటాది, దాని మెడకి గంట కట్టినాను. ఆఖరింట్లో ముసలి మావ నడవనేడు, ఆయన్ని రైలెక్కించినాను. ఇంక నానేటి మర్సిపోతాను?"

వెనక నుంచి చెప్పగలవా అని అప్పలసూరి అడిగాడు.

"ఈదిలోకి ఆ పక్క నుంచి వస్తాను. అంతే కదేటిరా?"

చెప్పింది. ఎక్కడా ఆగలేదు. మేం వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, ఫలితాలు ఎప్పుడొస్తాయని అడిగింది. అది తన పరీక్ష అనుకుంది.

బస్సులో అప్పలసూరి రాసుకుంటూనే ఉన్నాడు. చదువు రానివాళ్ల బుర్రలో కాగితం ఉండదు, వీధి ఉంటుందిరా అన్నాడు. ఆ క్షణంలో నాకు కలిగినదేమిటి? సంతోషం కలిగిందని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కొంత నిజమే. కానీ దాని కింద ఇంకోటి ఉంది. అలాంటి సంతగత్తెలు మా అరసవల్లిలోనూ ఉన్నారు. చిన్నప్పటి నుంచీ వాళ్లను చూస్తూనే ఉన్నాను. ఎలా గుర్తుంటుందని ఒక్కనాడూ అడగలేదు. నాకు రాని ప్రశ్న అతనికి వచ్చింది. అది నేను ఓర్చుకోలేకపోయానా? ఓర్చుకోలేకపోయాననే ఇప్పుడు అనుకుంటున్నాను.

అతని రికార్డులో సంతకం పెట్టాను. ఆ ఏడాది మొత్తంలో నేను నిజంగా చూసి పెట్టిన సంతకం అదొక్కటే.

నా రికార్డు సంగతి కూడా చెప్పాలి. అద్దం ప్రయోగం ఎనిమిది మందితో చేశానని రాశాను. ముగ్గురితోనే చేశాను. మిగతా ఐదుగురి అంకెలు గదిలో కూర్చుని కల్పించాను. ఎలా ఉంటే బాగుంటుందో అలా. గ్రాఫు వీణ తీగలా నునుపుగా వచ్చింది. దాని కింద అప్పలసూరి సంతకం ఉంది. అతను చూడలేదు. నా మీద నమ్మకంతో అడగనూ లేదు.

వారం తర్వాత లెక్చరర్ గారు నన్ను ప్రయోగశాలకు పిలిచారు. ఆయన చెడ్డవారు కాదు. బల్ల మీద రెండు రికార్డులూ ఉన్నాయి. నాది మూసి ఉంది. అప్పలసూరిది తెరిచి ఉంది. చదువు రాని ఆడవాళ్లు మన కుర్రాళ్లకు రెట్టింపు గుర్తుపెట్టుకున్నారని రాశాడు, ఇది నమ్మేదేనా అన్నారు. కింద నా సంతకం మీద వేలు పెట్టారు.

"ఇది నీదేనా?"

"నాదే సార్."

"నువ్వు అక్కడ ఉన్నావా?"

నా చూపు మూసి ఉన్న నా రికార్డు మీదికి పోయింది.

"నిజం చెప్పు. మీరంతా గదుల్లో కూర్చుని సంతకాలు పెట్టుకుంటారని నాకు తెలుసు. నిన్నేమీ అనను. చూశావా, ఇదంతా?"

"లేదు సార్."

"వెళ్లనే లేదా?"

"వెళ్లలేదు సార్. అడిగాడు, పెట్టాను."

ఆయన పుస్తకం మూశారు. నిజం చెప్పావు, సంతోషం అన్నారు.

ఇంటి నుంచి రాసి తెచ్చుకున్నట్టు అంత సులువుగా ఎలా వచ్చింది ఆ జవాబు? ఈ ప్రశ్నను తిప్పి తిప్పి చూశాను. నేను దాన్ని కొత్తగా అల్లలేదు. అది నా రికార్డు గురించిన నిజం. చూడని సంతకం, కల్పించిన అంకెలు, రెండూ నా పుస్తకంలోనివి. వాటిని తీసి పక్క పుస్తకంలో పెట్టాను. అందుకే గొంతు వణకలేదు.

ఆయన వాల్తేరుకు రాసిన సిఫారసు ఉత్తరం నేనే పట్టుకెళ్లాను. దారిలో విప్పి చదివాను. తెలివితేటల గురించి ఒక వాక్యం ఉంది. నిజాయితీ గురించి రెండు ఉన్నాయి.

అప్పలసూరికి నేనేం చెప్పానో ఆయన చెప్పలేదు. నమ్మదగిన సాక్ష్యం లేదు, వేరే ప్రయోగం రాసివ్వు అన్నారట. సాయంత్రం అతను గదికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"ఒరే, నువ్వూ వొచ్చినావని సెప్పనేదా?"

"నన్ను అడగలేదురా" అన్నాను.

అతను నా మొహం చూశాడు. నమ్మాడా? తెలియదు. ఎదుటివాడి మొహం చదవడం మీద ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ చూపు మాత్రం ఇప్పటికీ చదవలేను. తర్వాత వేరే మాట అన్నాడు.

"మా అత్త అడుగుతాదిరా, పాసయ్యానా అని. ఏటి సెప్పాలి?"

మళ్లీ అతనే, పాసయిందని చెబుతాలే అన్నాడు. నేను చేసిన నక్షత్రం బొమ్మ ప్రయోగమే తనూ రాసిచ్చి డిగ్రీ పుచ్చుకున్నాడు. టీచరు ట్రైనింగుకు వెళ్లాడు. నేను వాల్తేరు వెళ్లాను. ఆ తర్వాత మేం కలవలేదు. కలవకుండా నేను చూసుకున్నాను. శృంగవరపుకోట మీదుగా పోవలసి వచ్చిన ప్రతిసారీ బస్సులో కిటికీకి ఇవతల కూర్చున్నాను.

ఎం.ఏ. రెండో ఏడాది ఒక రోజు జ్ఞాపకశక్తి మీద పాఠం. వేల ఏళ్ల కిందట పరాయి దేశాల్లో ఉపన్యాసకులు తాము చెప్పవలసిన మాటలను ఒక పెద్ద భవనంలో గది గదికీ ఒకటిగా పెట్టుకునేవారని, మనసులో ఆ గదుల్లో నడుస్తూ గంటల తరబడి మాట్లాడేవారని ప్రొఫెసర్ చెప్పారు. క్లాసంతా ఆశ్చర్యపోయింది. నాకది కొత్త కాదు. పైడమ్మ చేసింది అదే. అప్పటికి విజయనగరంలో మా లెక్చరర్ గారు ఇంకా పనిలోనే ఉన్నారు. ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది. కాగితం తీశాను కూడా. రాస్తే ఆ సిఫారసు ఏమవుతుంది, సీటు ఏమవుతుంది? కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాను. ప్రయోగశాలలో చెప్పిన అబద్ధానికి వయసు, కంగారు అని ఏదో సాకు చెప్పుకోవచ్చు. ఈ మడిచిన కాగితానికి ఏ సాకూ లేదు. అప్పుడు నాకు అన్నీ తెలుసు.

పైడమ్మ ఉందో పోయిందో తెలియదు. లెక్చరర్ గారు పోయారు. అతని రికార్డు ఏ పొట్లాల కొట్టుకు చేరిందో. ఇప్పుడు ఒప్పుకుంటే ఎవరికి ఏం తిరిగొస్తుంది? అతని ఎం.ఏ. రాదు. నేను పాఠం చెప్పే ఈ క్లాసు అతనిది కాబోదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఉంది. ఇదే ఆ జవాబు. దీన్నే ఇంకో కాగితం మీద నా పేరుతో రాశాను, ఆ పిల్ల చేత వాళ్ల మాస్టారికి పంపడానికి. అతను చదివి ఏమనుకుంటాడో ఊహించడం మానేశాను.

ఒక సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఒక్కసారి విన్న, సంబంధం లేని మాటలు రోజుల్లోనే జారిపోతాయని పాఠం చెప్పేవాణ్ని. నా పెళ్లి ముహూర్తం నాకు గుర్తు లేదు. ఆ పల్లెలో నేను గడిపింది రెండు మధ్యాహ్నాలు. అయినా కళ్లు మూసుకుంటే ఆ వీధి ఉంటుంది. గవరమ్మ అరుగు మీద నిచ్చెన. అప్పన్న వాకిట్లో గొడుగు. కుక్క మెడలో గంట. తర్వాత జల్లెడ, దువ్వెన, కొడవలి, తేనె. మలుపు తిరిగితే అద్దం, చేప, తాళం, ఉప్పు. ఆఖరింట్లో నడవలేని ముసలి మావ రైలెక్కాడు.

నేను అక్కడ ఉన్నాను. అంతా చూశాను.